బడి వెనక గుట్ట ఏ రకం?

ప్రశ్న: మాది నల్గొండ వైపు పల్లె. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. తొమ్మిదో తరగతి పిల్లలకు పర్వతాల పాఠం పూర్తి చేశాను. ముడుత పర్వతాలు, ఖండ పర్వతాలు, అగ్నిపర్వతాలు అని మూడు రకాలూ ఉదాహరణలతో సహా అందరూ చక్కగా అప్పజెప్పారు. చివర్లో ఒక అబ్బాయి లేచి, "టీచర్, మన బడి వెనక గుట్ట ఏ రకం?" అని అడిగాడు. నాకు తెలియలేదు. రేపు చెబుతానన్నాను. మూడు వారాలైంది. ఆ తర్వాత కదిపి చూస్తే, గుట్టలు కూడా చెట్లలాగే నేలలోంచి పెరుగుతాయని చాలామంది అనుకుంటున్నట్టు తెలిసింది. ఒక అమ్మాయి, పూర్వం పర్వతాలకు రెక్కలుండేవని, ఇంద్రుడు వాటిని నరికాడని చెప్పింది. మాకు ప్రయోగశాల లేదు. పిల్లలు నలభై రెండు మంది. ఈ పాఠానికి ఇంకో రెండు పీరియడ్లకు మించి ఇవ్వలేను. అయినా మొదటి నుంచి మళ్ళీ చెప్పాలని ఉంది. ఎలా చెప్పమంటారు?

సమాధానం:

అమ్మా,

ఆ అబ్బాయి మూడు వారాలుగా ఎదురు చూస్తున్నాడు కాబట్టి ముందు అతని ప్రశ్నకే జవాబు చెబుతాను. మీ బడి వెనక గుట్ట ఆ మూడు రకాల్లో ఏదీ కాదు. పుస్తకాల్లో ఒక మూల 'అవశిష్ట పర్వతాలు' అని నాలుగో పేరు కనిపిస్తుంది. పరీక్షలో అంతగా అడగరని మనం దాన్ని దాటేస్తాం. మీ గుట్ట ఆ నాలుగో కుటుంబానిది. తెలుగు నేల మీద పిల్లలు రోజూ చూసే గుట్టల్లో చాలా భాగం ఆ కుటుంబానివే. కళ్ళెదుట ఉన్నదాన్ని వదిలేసి, వాళ్ళు ఎన్నడూ చూడని ఆండీస్, వాస్జెస్ పేర్లు కంఠస్థం చేయిస్తున్నాం.

మీకు తెలియకపోయినందుకు బాధపడకండి. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ఇదే పాఠం చెప్పాను. మొదటి పదేళ్ళలో ఒక్క పిల్లవాడూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు, అడగాలనిపించేలా నేను చెప్పలేదు కాబట్టి. మీ తరగతిలో అడిగారంటే మీ పాఠం వాళ్ళలో ఎక్కడో తగిలింది. రేపు తరగతిలోకి వెళ్ళగానే, "ఆ రోజు నాకు తెలియలేదు, తెలుసుకుని వచ్చాను" అని అందరి ముందూ ఆ అబ్బాయికి చెప్పండి. తెలియకపోతే వెతికి తెలుసుకోవచ్చని పిల్లలు పెద్దవాళ్ళ నోట వినే సందర్భాలు చాలా తక్కువ.

ఇక గుట్ట సంగతి. నల్గొండ, భువనగిరి, హైదరాబాదు, అటు రాయలసీమలో గుత్తి, పెనుకొండ వైపు కనిపించే గుట్టలు గ్రానైట్ జాతివి. సుమారు 250 కోట్ల ఏళ్ళ కిందట, నేలకు కొన్ని కిలోమీటర్ల లోతున, కరిగి ఉన్న శిలాద్రవం నిదానంగా చల్లారి గట్టిపడితే ఆ రాయి ఏర్పడింది. అప్పటికి అక్కడ గుట్ట లేదు. ఆ రాతి మీద కిలోమీటర్ల మందాన వేరే రాళ్ళు ఉండేవి. ఎండ, వాన, గాలి, ఏరులు కలిసి ఆ పైకప్పునంతా కోట్ల ఏళ్ళపాటు అరగదీసి మోసుకుపోయాయి. చివరికి లోపలి గ్రానైట్ బయటపడింది. అందులోనూ పగుళ్ళు ఎక్కువున్న చోట నీరు దిగి రాయి త్వరగా మట్టి అయింది. పగుళ్ళు తక్కువున్న చోట నిలిచింది. అలా నిలిచిందే మీ గుట్ట. గుట్ట పైకి లేవలేదు, చుట్టూ ఉన్న నేల కిందికి దిగింది.

ఈ ఆఖరి మాట పిల్లలకు చెప్పాక కాసేపు ఏమీ మాట్లాడకండి. చెట్టులా పెరుగుతుందనుకున్న గుట్టను వాళ్ళు మనసులో తలకిందులు చేసుకోవాలి, దానికి కొంత సమయం పడుతుంది. ఎవరో ఒకరు "మరి ఆ పోయిన రాయంతా ఎక్కడికి పోయింది టీచర్?" అని అడుగుతారు. అడగకపోతే మీరే అడగండి. పర్వతాల పాఠం మొత్తం ఆ ప్రశ్న మీద నిలబడి ఉంది. నేలను పైకి లేపే శక్తులు కొన్ని ఉన్నాయి, దాన్ని అరగదీసే శక్తులు కొన్ని ఉన్నాయి. ఒక ఇంటి రాబడీ ఖర్చూ లాగా ఈ రెండింటి లెక్క చూస్తేనే ఏ పర్వతమైనా అర్థమవుతుంది. మన పాఠాల్లో రాబడి ఒక్కటే చెబుతాం. ఖర్చును 'క్రమక్షయం' అని వేరే అధ్యాయంలో పెడతాం. పిల్లలకు ఆ రెండూ ఎన్నడూ కలవవు.

మీ రెండు పీరియడ్లలో మొదటిది గుట్ట దగ్గరే చెప్పండి. 'దూరపు కొండలు నునుపు' అన్న సామెత వాళ్ళందరికీ తెలుసు. బడి ఆవరణలోంచి గుట్టను చూపించి, "ఇక్కడి నుంచి నున్నగా కనిపిస్తోంది కదా, దగ్గరికెళ్ళి ఏమేమి కనిపిస్తాయో రాసుకుందాం" అనండి. అక్కడ చూడాల్సినవి చాలా ఉన్నాయి గానీ నేను మూడింటికి మించి చూపించను.

మొదటిది, కొత్తగా పగిలిన రాతి ముఖం. పాత ముఖం మసకబారి నల్లగా ఉంటుంది, దాన్ని చూసి లాభం లేదు. పగిలిన ముక్కను ఎండలో తిప్పితే గాజులా మెరిసేది పలుగు, గులాబీ రంగులోనో తెల్లగానో బిళ్ళలుగా కనిపించేది ఫెల్డ్‌స్పార్, నల్లని చుక్కల్లో పొరలుగా ఊడి వచ్చేది అభ్రకం. కణాలు కంటికి కనిపించేంత పెద్దవిగా ఎందుకున్నాయో అడగండి. ఇంటి నుంచి పటికబెల్లం పలుకులు తీసుకెళ్ళి, పక్కన మామూలు పంచదార పెట్టండి. పటికబెల్లం పలుకు అంత పెద్దది కావడానికి చక్కెర నీళ్ళను కదపకుండా రోజుల తరబడి వదిలేస్తారు. రాతిలోనూ అంతే. లోతున, వేడి తప్పించుకోలేని చోట, నిదానంగా చల్లారితేనే పలుకులు పెద్దవవుతాయి. నేల పైకి పొంగి త్వరగా చల్లారిన రాయి ఇంత పలుకు కట్టదు. నిర్మల్, ఆదిలాబాద్ వైపు, గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరం సమీపంలో దొరికే నల్లని బసాల్ట్ రాయి అలాంటిది. రోడ్డు పనికి వచ్చే నల్లకంకరలో ఒక్క బసాల్ట్ ముక్క సంపాదించి పక్కన పెట్టగలిగితే, దాదాపు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ నాటి లావా మీ పిల్లల చేతిలో ఉన్నట్టే.

రెండోది, గుండ్రని బండలు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు ఉంటాయి. భీముడు పేర్చాడనే కథ మీ ఊళ్ళో కూడా ఉండవచ్చు, ఉంటే ఆ కథ పిల్లలతోనే చెప్పించండి. తర్వాత బండల మధ్య సందులు చూపించండి. ఒకప్పుడు అది ఒకే రాయి, సందులు దాని పగుళ్ళు. పగులులోకి దిగిన నీరు మూలలను రెండు మూడు వైపుల నుంచి తింటుంది, అందుకే మూలలు ముందు పోయి బండ గుండ్రమవుతుంది. కొన్ని చోట్ల ఉల్లిపొరలా రాతి పైపొర ఊడి ఉంటుంది. మీద ఉన్న కిలోమీటర్ల బరువు తొలగిపోయినప్పుడు రాయి ఉబ్బి పొరలుగా విడివడిన గుర్తు అది. భువనగిరి కోట ఉన్న ఏకశిల అంత నున్నగా బోర్లించినట్టు ఉండటానికి అదే కారణం.

మూడోది, గుట్ట అడుగున ఉన్న నేల. ఫెల్డ్‌స్పార్ నీటితో కలిసి మెల్లగా బంకమన్నుగా మారుతుంది, పలుగు మారదు, ఇసుకగా మిగులుతుంది. గుప్పెడు మట్టి తీసి గ్లాసు నీళ్ళలో కలిపి పెడితే, పది నిమిషాల్లో ఇసుక అడుగున చేరుతుంది, మన్ను నీళ్ళలో తేలుతూ ఉంటుంది. ఆ ఇసుకను ఎండబెట్టి చూస్తే, ఇందాక రాతి ముఖం మీద మెరిసిన పలుగే అది. మీ పిల్లల ఇళ్ళవాళ్ళు దున్నే చెలక భూములు ఇలా పుట్టినవే. పోయిన రాయి ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకు మొదటి జవాబు వాళ్ళ పొలాల్లోనే దొరుకుతుంది.

మీ ఊళ్ళో రాళ్ళు కొట్టే పని చేసే పెద్దలుంటే ఆ రోజు తప్పకుండా పిలవండి. రాయికి ఎటు దెబ్బ వేస్తే చీలుతుందో, ఎటు వేస్తే ఉలి విరుగుతుందో వాళ్ళకు తెలిసినట్టు మనకు తెలియదు. వాళ్ళ పిల్లలు మీ తరగతిలోనే కూర్చుని ఉండవచ్చు. తన తండ్రిని బడి పిలిచి పాఠం చెప్పమన్న రోజును ఏ బిడ్డా మరచిపోదు. వాళ్ళు వాడే మాటలు మీరు రాసుకోండి.

రెండో పీరియడు తరగతి గదిలో. ఇప్పుడు రాబడి వైపు చెప్పాలి, అంటే నేల ఎలా లేస్తుందో. దీనికి హిమాలయాలను మించిన ఉదాహరణ లేదు. అయితే మ్యాపుతో మొదలుపెట్టకండి, మీ కాళ్ళ కింద ఉన్న నాపరాయితో మొదలుపెట్టండి. తాండూరు, పల్నాడు, బేతంచెర్ల నాపరాళ్ళు పరవని బళ్ళు మన దగ్గర తక్కువ. విరిగిన ముక్క అంచు చూపిస్తే పొరలు కనిపిస్తాయి. మేకుతో గీకి, ఆ పొడి మీద నిమ్మరసం చుక్కలు వేస్తే సన్నని బుడగలు వస్తాయి. గ్రానైట్ పొడి మీద రావు. అది సున్నపురాయి కాబట్టి బుడగలు వస్తాయి. పిడుగురాళ్ళ సున్నానికీ మీ జిల్లా సిమెంటు కర్మాగారాలకూ ఆధారం ఆ జాతి రాయే. సున్నపురాయి పొరలు పొరలుగా ఏర్పడేది నీటి అడుగున. అంటే తాండూరు, పల్నాడు ఒకప్పుడు లోతు తక్కువ సముద్రం. పిల్లలు నమ్మలేనట్టు చూస్తారు. చూడనివ్వండి. వెంటనే రెండో మాట చెప్పండి: ఎవరెస్టు శిఖరం మీద ఉన్నది కూడా సున్నపురాయే. 8,848.86 మీటర్ల ఎత్తున, 40 కోట్ల ఏళ్ళకు పైబడిన సముద్ర జీవుల అవశేషాలు ఆ రాతిలో ఉన్నాయి.

సముద్రపు అడుగు అక్కడికి ఎలా చేరింది? ఇక్కడ ఒక వస్తువు గురించి చెప్పండి. మీ పిల్లల్లో కొందరి ఇళ్ళల్లో, లేదా ఊరి గుళ్ళో, సాలగ్రామం ఉంటుంది. దాని మీది చక్రం గుర్తు చాలామంది చూసే ఉంటారు. అది నేపాల్‌లోని గండకీ నదిలో దొరుకుతుంది. అమ్మోనైట్ అనే సముద్ర జీవి గుల్ల రాతిలో వదిలిన ముద్ర అది. దాదాపు 15 కోట్ల ఏళ్ళ కిందట, ఇప్పుడు హిమాలయం ఉన్న చోట టెథిస్ సముద్రం ఉండేది, ఆ జీవులు అందులో బతికాయి. ఇది చెప్పేటప్పుడు గొంతులో గౌరవం ఉండాలి. పూజించే రాయి ఒక ప్రాచీన సముద్రానికి సాక్ష్యం కూడా అని తెలిస్తే ఎవరి భక్తికీ లోటు రాదు, ఆ రాయి విలువ ఇంకొంత పెరుగుతుంది.

ఆ సముద్రానికి దక్షిణాన ఉన్న మహాఖండానికి ఆస్ట్రియా భూవిజ్ఞాని ఎడ్వర్డ్ సూస్ గోండ్వానా పేరు పెట్టాడు. ఆ పేరు మధ్య భారతపు గోండుల సీమ నుంచి వచ్చింది. గోండులు మన ఆదిలాబాద్ అడవుల్లోనూ ఉన్నారు. ప్రపంచంలో ఏ దేశపు భూగోళ పుస్తకం తెరిచినా ఆ పేరు ఉంటుందని పిల్లలకు తెలియాలి. ఆ మహాఖండం నుంచి విడిపోయిన భారత పలక (పలక అంటే భూమి పైపెంకులో విడిగా కదిలే పెద్ద ముక్క) ఉత్తరంగా జరుగుతూ వెళ్ళి, సుమారు 5 కోట్ల ఏళ్ళ కిందట ఆసియాను ఢీకొంది. మధ్యలో ఉన్న సముద్రపు అడుగు నలిగి, మడత పడి, ఒక దాని మీదికి ఒకటి ఎక్కి లేచింది.

దీన్ని చేతులతో చేసి చూడాలి. మిఠాయి దుకాణంలో ఇచ్చే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలు ఆరు తెప్పించండి, ఏడుగురికి ఒకటి. సన్నగా జల్లించిన పొడి ఇసుక ఒక పొర, బియ్యప్పిండి పల్చగా ఒక పొర, మళ్ళీ ఇసుక, మళ్ళీ పిండి, అలా ఐదారు పొరలు పరవండి. డబ్బా వెడల్పుకు సరిపోయే అట్టముక్కను ఒక చివర నిలబెట్టి, చాలా నిదానంగా ముందుకు తోయాలి. ముందు అట్ట దగ్గర పొరలు ఉబ్బుతాయి. తర్వాత ఏటవాలుగా ఒక పగులు పుట్టి, ఒక భాగం మరో భాగం మీదికి ఎక్కుతుంది. ఇంకా తోస్తే దాని ముందు మరో మడత, దాని ముందు మరొకటి. కొత్త మడత ఎప్పుడూ ముందు వైపే పుడుతుంది. హిమాద్రి, హిమాచల్, శివాలిక్ అని పిల్లలు బట్టీ పట్టిన మూడు శ్రేణులు ఇదే వరసలో పుట్టాయి, దక్షిణాన ఉన్న శివాలిక్ అన్నిటికన్నా చిన్నది, వయసులోనూ ఎత్తులోనూ. డబ్బా పక్క నుంచి చూసి పొరలను నోటు పుస్తకంలో గీయమనండి. బొమ్మ గీసిన చేయి మరచిపోదు.

ఆ తర్వాత బోర్డు మీద ఒక లెక్క వేయించండి. నా అనుభవంలో తరగతిని కదిలించింది ప్రయోగాల కన్నా ఈ లెక్కే. భారత పలక ఇప్పటికీ ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్లు కదులుతోంది. పద్నాలుగేళ్ళ పిల్ల పుట్టినప్పటి నుంచి ఇప్పటికి 70 సెంటీమీటర్లు. తన కాళ్ళ కింద నేల అంత దూరం జరిగిందంటే ఆ పిల్ల కిందికి చూసుకుంటుంది. ఇప్పుడు అసలు లెక్క. హిమాలయం ఏడాదికి ఒక్క మిల్లీమీటరే లేచిందనుకుందాం. 5 కోట్ల ఏళ్ళలో ఎంత లేవాలి? 5 కోట్ల మిల్లీమీటర్లు, అంటే 50 కిలోమీటర్లు. ఎవరెస్టు ఎత్తు తొమ్మిది కిలోమీటర్లు కూడా లేదు. మిగిలిందంతా ఏమైంది? లేచే వేగం అన్ని కాలాల్లోనూ ఒకేలా లేదని మీరు కలిపి చెప్పండి, అయినా ప్రశ్న ప్రశ్నలాగే ఉంటుంది. అప్పుడు, నిన్న గ్లాసులో అడుగున చేరిన ఇసుకను గుర్తు చేయండి. గంగా మైదానం చాలావరకు హిమాలయం నుంచి వచ్చిన మట్టే. గంగ, బ్రహ్మపుత్ర అక్కడితో ఆగకుండా బంగాళాఖాతంలో మోసుకెళ్ళి పోసిన ఒండ్రు కొన్ని చోట్ల పదహారు కిలోమీటర్ల మందం దాకా ఉంది. విశాఖలోనో సూర్యలంకలోనో పిల్లలు కాళ్ళు తడుపుకున్న సముద్రమే అది.

ఇక్కడ ఒక తెలివైన పిల్ల, "అలా అయితే మన గుట్టలు, తూర్పు కనుమలు ఈపాటికి పూర్తిగా అరిగిపోయి ఉండాలి కదా" అంటుంది. ఒక బకెట్టు నీళ్ళు, రెండు కొయ్య ముక్కలు దగ్గర ఉంచుకోండి, ఒకటి మందంగా, ఒకటి పల్చగా. మందమైనది నీటి పైన ఎక్కువ కనిపిస్తుంది, నీటి కింద ఇంకా ఎక్కువ మునిగి ఉంటుంది. పర్వతాలకూ అలాగే కింద వేరు ఉంటుంది. పైభాగం అరిగి బరువు తగ్గితే, వేరు మెల్లగా పైకి వస్తుంది. అందుకే లోతుల్లో పుట్టిన రాళ్ళు చివరికి మన కాళ్ళ కిందికి చేరాయి. అరకు దారిలో తూర్పు కనుమల మీద కనిపించే రాళ్ళలో కొన్ని ఒకప్పుడు ఇరవై కిలోమీటర్లకు పైగా లోతున ఉడికినవి. ఈ వేరు సంగతి బయటపడింది కూడా మన దేశం కొలతల్లోనే. పంతొమ్మిదో శతాబ్దపు మహా సర్వేలో ఉత్తర భారతంలో రెండు చోట్ల మధ్య దూరం రెండు పద్ధతుల్లో కొలిస్తే లెక్క కుదరలేదు. ఆ కొలతల్లో నిట్టనిలువు దిక్కు తెలుసుకోవడానికి వాడిన, తాపీ మేస్త్రీ వేలాడదీసే గుండు లాంటి దాన్ని హిమాలయం తన వైపు కొద్దిగా లాగుతోందని గణితజ్ఞుడు జాన్ ప్రాట్ లెక్క కట్టాడు. అయితే అంత పెద్ద పర్వతం లాగాల్సినంత లాగడం లేదు. పర్వతం కింద తేలికైన వేరు ఉండాలని బ్రిటిష్ ఖగోళవేత్త జార్జ్ ఏరీ 1855లో వివరించాడు. సమయం లేకపోతే ఈ కథ వదిలేయండి, బకెట్టు మాత్రం వదలకండి.

ఇప్పుడు చేయకూడనివి. వంటసోడా, వెనిగర్ పోసి పొంగించే అగ్నిపర్వతం నమూనా ప్రతి సైన్స్ ఫెయిర్‌లో కనిపిస్తుంది. నేనూ చేయించాను. పిల్లలకు నురగ తప్ప ఏమీ గుర్తుండదు. అగ్నిపర్వతం కావాలంటే అండమాన్‌లోని బ్యారన్ దీవి గురించి చెప్పండి. మన దేశంలో రగులుతున్న అగ్నిపర్వతం అదొక్కటే, 1787లో దాని పేలుడును నమోదు చేశారు, శతాబ్దానికి పైగా నిద్రపోయి 1991లో మళ్ళీ లేచింది. రెండోది, ఎండిన పండు తొక్క ముడతలు పడినట్టు భూమి చల్లారి ముడతలు పడిందనే పోలిక. అది పంతొమ్మిదో శతాబ్దపు ఊహ, పలకల సిద్ధాంతం వచ్చాక పనికిరాకుండా పోయింది. ఇప్పటికీ కొన్ని గైడ్లలో కనిపిస్తుంది. మూడోది, పలకలు లావా సముద్రం మీద తేలుతున్నాయనడం. పలకల కింద ఉన్న ప్రావారం అనే మందమైన పొర చాలావరకు ఘనపదార్థమే, కానీ ఎంతో నిదానంగా పారుతుంది. దీనికి తారు మంచి ఉదాహరణ. సుత్తితో కొడితే తారుగడ్డ పగులుతుంది, వదిలేస్తే ఏళ్ళ తరబడి మెల్లగా జారుతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో అలాంటి తారును గరాటులో పోసి 1927 నుంచి చూస్తున్నారు. తొమ్మిదో చుక్క 2014లో రాలింది.

రెక్కల కథ చెప్పిన అమ్మాయిని ఎవరూ నవ్వకుండా చూడండి. మైనాకుడు సముద్రంలో దాక్కోవడం, హనుమంతుడి దారిలో పైకి లేచి నిలబడటం మన పిల్లలు వింటూ పెరిగిన కథలు. ఆ కథను నిజమని నిరూపించబోకండి, రెక్కలంటే పలకలేనని లాగి అతికించకండి. కథ కథగా అందంగా ఉంది. శాస్త్రం సాక్ష్యం అడుగుతుంది, ఆ సాక్ష్యం రాతిలో ఉంది అని చెప్పండి. ఆ అమ్మాయికి ఇంకొక సంగతి చెప్పవచ్చు. కొండకు మన భాషలో 'అచలం' అని, 'నగం' అని పేర్లున్నాయి. రెండింటికీ కదలనిది అనే అర్థం. శేషాచలంలో ఉన్నది ఆ అచలమే. కదలనిదని పేరు పెట్టుకున్నది కదులుతోందని కనిపెట్టడానికి మనుషులకు చాలా కాలం పట్టింది. జర్మన్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వెజెనర్ 1912లో ఖండాలు కదులుతాయని చెప్పినప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే నమ్మలేదు. సముద్రగర్భాన్ని కొలిచాక, 1960లలో గానీ ఆ మాట నిలబడలేదు. ఆయన 1930లోనే గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయాడు.

కాలం సంగతి మిగిలింది. కోట్ల ఏళ్ళు అంటే పిల్లలకు చాలా అనే మాట తప్ప ఏమీ తోచదు. మీ వ్యాయామ ఉపాధ్యాయుడి పీరియడు ఒకటి అడిగి తీసుకోండి. మైదానంలో 46 మీటర్ల తాడు పరవండి. ఒక మీటరు 10 కోట్ల ఏళ్ళు. ఒక చివర భూమి పుట్టుక, ఇంకో చివర ఈ రోజు. ఈ రోజు చివర నుంచి వెనక్కి కొలిస్తే, మీ గుట్ట రాయి 25 మీటర్ల దగ్గర. తూర్పు కనుమలను లేపిన పెను తాకిడి 10 మీటర్ల దగ్గర. సింగరేణి బొగ్గు మూడు మీటర్ల లోపు. ఇందాకటి బసాల్ట్ రాయినిచ్చిన దక్కన్ లావా, రాక్షసబల్లుల అంతం 66 సెంటీమీటర్ల దగ్గర. హిమాలయాల తాకిడి అర మీటరు. మన జాతి మనుషులు మూడు మిల్లీమీటర్లు. ఒక్కో చోట ఒక్కో పిల్లవాణ్ణి నిలబెట్టండి. గుట్ట దగ్గర ఎవరిని నిలబెట్టాలో మీకు తెలుసు.

పరీక్ష గురించి మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. మూడు రకాల పట్టిక అలాగే ఉంచండి, మార్కులు దానికే వస్తాయి. పట్టిక చివర ఇంకో రెండు గడులు గీయించండి: ఏది లేపింది, ఏది అరగదీసింది. ఖండ పర్వతాల దగ్గర వాస్జెస్‌తో పాటు పగులు లోయకు మన గోదావరి లోయను రాయించండి. నేల రెండు భ్రంశాల (రాతి భాగాలు పక్కకో కిందికో జారిన పెద్ద పగుళ్ళ) మధ్య కుంగిన చోటే సింగరేణి బొగ్గు భద్రంగా మిగిలింది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అదీ ఆ లోయ వైపే. "మనకూ వస్తుందా?" అని భయపడితే, హిమాలయాల దగ్గర వచ్చేంత పెద్దవి, అంత తరచుగా ఇక్కడ రావని, అప్పుడప్పుడూ వచ్చే వాటికి బల్ల కింద దూరి తల కాచుకోవాలని చెప్పి, ఒకసారి చేయించండి.

విహారయాత్రకు నాగార్జునసాగర్ తీసుకెళ్ళే సంవత్సరం, ఆనకట్ట చూపించి వచ్చేయకండి. అక్కడి కొండల్లో అడుగున మీ గుట్ట లాంటి గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా గట్టిపడిన ఇసుకరాయి ఉంటాయి. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కూడా ఇలాంటి చోటే ఉంది, జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. అక్కడ కింది రాతికీ పై రాతికీ మధ్య కనీసం 50 కోట్ల ఏళ్ళ ఎడం ఉంది. ఆ మధ్య కాలంలో అక్కడ లేచి ఉన్నదంతా అరిగి చదునైపోయింది, తర్వాత నీరు వచ్చి దాని మీద ఇసుక పరిచింది. మొక్కుకోవడానికి వెళ్ళే కుటుంబాలు ఏటా ఆ రెండు రాళ్ళూ కలిసే గీత పక్క నుంచే పోతుంటాయి.

గుట్టకు వెళ్ళే రోజు ఎండ ఎక్కకముందే, తొమ్మిది లోపు దిగి వచ్చేలా చూసుకోండి. ప్రధానోపాధ్యాయుడి అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు ముందే తీసుకోండి, తోడుగా ఇంకో ఇద్దరు పెద్దలుండాలి. క్వారీ నడుస్తున్న వైపు వద్దు. వాన పడిన మర్నాడు వద్దు, బండలు జారతాయి. ముందు రోజు సాయంత్రం మీరొకసారి ఎక్కి చూడండి, బండల సందుల్లో తేనెపట్లు ఎక్కడున్నాయో అక్కడ మేకలు కాసేవాళ్ళను అడిగితే చెబుతారు.